మూగజీవికీ బీపీ ఉంటుంది!

తల దిమ్ముగా ఉందనో, కళ్లు తిరుగుతున్నాయనో మనమైతే నోరు తెరిచి చెప్పుకుంటాం. పక్కనే తోకాడిస్తూ తిరిగే టామీ, ఒళ్లో ముడుచుకుని పడుకునే పిల్లి ఏమని చెబుతాయి? చెప్పలేవు కాబట్టే చాలా ఇళ్లలో వాటి బీపీ సంగతి ముప్పు ముంచుకొచ్చాకే తెలుస్తుంది. కాస్త ముందుగా పట్టుకుంటే మాత్రం మాత్రలతోనే అదుపులో పెట్టొచ్చు.

పన్నెండేళ్ల పిల్లి. రాత్రి బాగానే తిని సోఫా కింద పడుకుంది. తెల్లారేసరికి కుర్చీ కాళ్లకీ గోడలకీ గుద్దుకుంటోంది. కళ్లు విప్పార్చి చూస్తోంది కానీ ముఖం ముందు చేయి ఊపితే రెప్ప వేయడం లేదు. కంటిపాపలు పెద్దవై నల్లటి గోళీల్లా మెరుస్తున్నాయి. ఏ పురుగో కుట్టిందేమో, ముసలిదైంది కాబట్టి చూపు తగ్గిందేమో అని ఇంట్లోవాళ్లు తలో మాటా అంటారు. పశువుల డాక్టరు కంట్లోకి లైటు వేసి చూస్తే లోపలి రెటీనా పొర ఊడిపోయి కనిపిస్తుంది. అప్పుడు ఆయన అడిగే ప్రశ్న విని అంతా తెల్లబోతారు: ‘దీనికి ఎప్పుడైనా బీపీ చూపించారా?’

పిల్లికి బీపీ ఏంటి అనిపించడం సహజమే. కానీ పెద్ద వయసు పిల్లులకు ఉన్నట్టుండి చూపు పోవడానికి ముఖ్యమైన కారణాల్లో అధిక రక్తపోటు ఒకటి. కుక్కలకూ ఆ బాధ తప్పదు. టీకాలు, మంచి తిండి, వైద్యం అందుతున్న కొద్దీ పెంపుడు జంతువులు ఎక్కువకాలం బతుకుతున్నాయి. దాంతోపాటే మనకి వచ్చినట్టు వాటికీ ముసలితనపు జబ్బులు వస్తున్నాయి.

మనకన్నా ముందు గుర్రానికి!

ఆ మాటకొస్తే, రక్తపోటును మొట్టమొదట కొలిచింది మనిషికి కాదు... గుర్రానికి. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఉండేవాడు. ప్రయోగాలంటే మహా ఇష్టం. ఓ ఆడగుర్రాన్ని నేలమీద కట్టి పడుకోబెట్టి, దాని తొడ దగ్గరి ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా ఓ పొడవాటి గాజు గొట్టం అమర్చాడు. రక్తం అందులో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబాకింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ మట్టం పైకీ కిందికీ ఊగింది. ఈ వివరాలన్నీ 1733లో అచ్చైన ఆయన పుస్తకంలో ఉన్నాయి. మనిషి చేతికి పట్టీ కట్టి బీపీ చూసే సాధనాన్ని ఇటలీ డాక్టరు రివా-రోచి ప్రకటించింది 1896లో. అంటే నూట అరవై ఏళ్లకు పైగా తర్వాతన్నమాట.

కిడ్నీకీ బీపీకీ ఉన్న లంకెను తేల్చడంలోనూ మూగజీవాల పాత్ర ఉంది. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త కుక్కల కిడ్నీలకు రక్తం తీసుకెళ్లే ధమనిని చిన్న వెండి క్లిప్పుతో కొంత బిగించాడు. వాటి రక్తపోటు పెరిగి అలాగే ఉండిపోయింది. మనుషుల బీపీ మందుల వెనకున్న పరిశోధనకు అదో పెద్ద మెట్టు. అలా కుక్కలు మనకి నేర్పిన పాఠమే ఇప్పుడు వాటి వైద్యానికీ పనికొస్తోంది.

మేడమీది ట్యాంకు లెక్క

ఇంతకీ బీపీ అంటే ఏంటి? ఇంట్లో మోటారు, పైపులు, కుళాయిల్ని ఊహించుకుంటే చాలు. గుండె మోటారు. రక్తనాళాలు పైపులు. పైపుల గోడల మీద రక్తం చూపించే ఒత్తిడే బీపీ. ఒత్తిడి బాగా తగ్గితే పై అంతస్తు కుళాయిలో చుక్క రాదు. మరీ పెరిగితే పైపు పలచగా ఉన్నచోట పగిలి కారుతుంది.

ఒంట్లో అలా ముందుగా దెబ్బతినే చోట్లు నాలుగు. మొదటిది కన్ను. వెంట్రుకల్లాంటి సన్నని నాళాలు చిట్లి కంట్లో రక్తం చేరుతుంది, లేదంటే రెటీనా ఊడిపోతుంది. రెండోది మెదడు. నడకలో తూలడం, మూర్ఛ, దిక్కుతోచనట్టు తిరగడం, పిల్లులైతే అర్ధరాత్రి అదేపనిగా అరవడం కనిపించొచ్చు. మూడోది గుండె. ఎక్కువ ఒత్తిడికి ఎదురు పనిచేసీ చేసీ దాని గోడలు మందమవుతాయి. నాలుగోది కిడ్నీ. వడపోత పాడై మూత్రంలో ప్రోటీన్ పోతుంది.

చిక్కల్లా ఏంటంటే, ఇవన్నీ బయటపడేదాకా కుక్క గానీ పిల్లి గానీ మామూలుగానే కనిపిస్తుంది. తింటుంది, తిరుగుతుంది. కాస్త ఎక్కువ పడుకుంటే ‘ముసలిదైపోయింది పాపం’ అనుకుంటాం. అర్ధరాత్రి అరిస్తే విసుక్కుంటాం.

అసలు దొంగ వేరే

మనుషుల్లో బీపీకి చాలాసార్లు ఫలానా అని ఒక్క కారణం దొరకదు. కుక్కలూ పిల్లుల్లో అలా కాదు. వాటికి బీపీ పెరిగిందంటే లోపల మరో జబ్బు దాక్కుని ఉందనే ఎక్కువసార్లు అర్థం.

పిల్లుల్లో మొదటి అనుమానం దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మీదకే వెళ్తుంది. ఆ జబ్బున్న ప్రతి ఐదు పిల్లుల్లో కనీసం ఒకదానికి బీపీ కూడా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. నీళ్లు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, బరువు తగ్గడం దాని ఆనవాళ్లు. రెండోది థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం. ముసలి పిల్లి ఆవురావురుమని తింటూనే చిక్కి శల్యమవుతోందంటే దాన్ని అనుమానించాలి. పిల్లుల్లో ఐదో వంతు వరకూ మాత్రం ఏ కారణమూ దొరకని బీపీ కూడా ఉంటుంది.

కుక్కల్లోనూ కిడ్నీ జబ్బే ముఖ్య కారణం. తర్వాత కుషింగ్స్ జబ్బు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను మోతాదు మించి తయారుచేయడమే ఈ జబ్బు. పొట్ట వేలాడటం, ఒంటికి రెండువైపులా బొచ్చు ఊడటం, ఊరికే రొప్పడం, తెగ నీళ్లు తాగడం... ఇవీ గుర్తులు. దురద తగ్గాలని స్టెరాయిడ్లు నెలల తరబడి వాడిన కుక్కల్లోనూ ఇలాంటి లక్షణాలే రావచ్చు. మధుమేహం, అడ్రినల్ గ్రంథిలో కణితి కూడా బీపీ పెంచుతాయి.

కిడ్నీ చెడితే బీపీ ఎందుకు పెరుగుతుంది? మళ్లీ మన మేడ లెక్కే. దెబ్బతిన్న కిడ్నీ తనకి రక్తం సరిగా అందడం లేదనుకుని రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది నీళ్లు రావడం లేదని పై అంతస్తువాళ్లు కేకేయడం లాంటిది. ఆ కేకకి ఒళ్లంతా స్పందించి రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడి ఆ కిడ్నీనే ఇంకాస్త పాడుచేస్తుంది. ఈ విషవలయాన్ని ఎక్కడో ఓ చోట తెంచాలి. అందుకే బీపీ ఎక్కువని తేలగానే డాక్టర్లు రక్తం, మూత్రం పరీక్షలు రాస్తారు. ఒక్క బీపీ మాత్ర రాసి ఊరుకుంటే పని సగమే అయినట్టు.

తోకకి పట్టీ కట్టి...

పిల్లికి బీపీ ఎలా చూస్తారన్నది చాలామందికి వచ్చే సందేహం. ముందుకాలికో, తోక మొదట్లోనో చిన్న పట్టీ చుడతారు. డాప్లర్ యంత్రమైతే పట్టీ కింద కాస్త బొచ్చు గొరిగి, జెల్ రాసి, రక్తం పారే చప్పుడు వింటూ కొలుస్తారు. మరో రకం యంత్రం దానంతటదే గాలి నింపుకుని అంకె చూపిస్తుంది. నొప్పేమీ ఉండదు. పట్టీ వెడల్పు ఆ కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. ఇరుకైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ, వెడల్పైతే తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఇంట్లో తాతగారి కోసం కొన్న మిషను తెచ్చి టామీ కాలికి చుడితే వచ్చే అంకెను నమ్మడానికి లేదు.

ఇంకో తిరకాసు భయం. ఆటో హారన్లు, ఆసుపత్రి వాసన, పక్క బల్లమీది కుక్క అరుపులు... వీటికే పిల్లి బీపీ జివ్వున పెరిగిపోతుంది. అందుకే ఓ పద్ధతి పెట్టుకున్నారు. ప్రశాంతమైన గదిలో పెంచేవాళ్ల దగ్గరే 5 నుంచి 10 నిమిషాలు కుదురుకోనివ్వాలి. ఇంజెక్షన్లూ మిగతా పరీక్షలకన్నా ముందే బీపీ చూడాలి. మొదటి అంకెను వదిలేసి, తర్వాత ఐదు నుంచి ఏడుసార్లు చూసి సగటు తీయాలి. తీసుకెళ్లేవాళ్లు చేయాల్సిందీ కొంత ఉంది. పిల్లిని బుట్టలో పెట్టి, అది రోజూ పడుకునే గుడ్డ అందులో వేసి, పైన తువ్వాలు కప్పితే దాని బెదురు చాలావరకు తగ్గుతుంది.

ఇక అంకెల సంగతి. మనకి 120/80 అని రెండు చెబుతారు కదా, జంతువుల్లో ముఖ్యంగా పై అంకెనే చూస్తారు. అమెరికా పశువైద్య నిపుణుల సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అది 140 లోపు ఉంటే భయం లేదు. 140-159 మధ్య ఉంటే ఓ కన్నేసి ఉంచాలి. 160-179 అయితే బీపీ ఉన్నట్టే. 180, ఆపైన అయితే కన్ను, మెదడు లాంటివి దెబ్బతినే ప్రమాదం బాగా ఎక్కువ. గ్రేహౌండ్ లాంటి వేటజాతి కుక్కలకు పుట్టుకతోనే మిగతా జాతులకన్నా బీపీ కాస్త ఎక్కువ ఉంటుంది. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని జబ్బు ఉన్నట్టు తేల్చేయరు. కన్నో మెదడో అప్పటికే దెబ్బతిని ఉంటే తప్ప, మరో రోజు మళ్లీ చూశాకే మందు మొదలుపెడతారు.

మన మాత్ర వాటికి వేయొద్దు!

పిల్లులకు ఎక్కువగా వాడే మందు మనకు తెలిసిన ఆమ్లోడిపినే. మాత్ర ఒకటే కాబట్టి మోతాదూ ఒకటే అనుకుంటేనే ప్రమాదం. మామూలు పిల్లికి డాక్టర్లు మొదలుపెట్టే మోతాదు మనుషులు వేసుకునే 5 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు ఎనిమిదో వంతు. అరమాత్ర వేసినా అది నాలుగింతలన్నమాట! టెల్మిసార్టాన్‌ను పిల్లుల కోసం నోట్లో పోసే ద్రావణంగానూ తయారుచేశారు. 2018లో అమెరికా దానికి అనుమతిచ్చింది. కుక్కలకు ఎనలాప్రిల్, బెనజెప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి, అవసరమైతే ఆమ్లోడిపిన్ కలిపి ఇస్తారు. ఏది, ఎంత అన్నది బరువును బట్టి, కిడ్నీ పరీక్షల్ని బట్టి డాక్టరే తేల్చాలి.

మందు మొదలుపెట్టాక వారం పదిరోజుల్లో మళ్లీ బీపీ చూపించాలి. అదుపులోకి వచ్చాక కూడా కొన్ని నెలలకోసారి చూస్తుండాలి. ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అని మాత్ర ఆపేయడం మనుషుల విషయంలో ఎంత తప్పో ఇక్కడా అంతే. ఊడిన రెటీనా విషయంలో మాత్రం ప్రతి గంటా విలువైనదే. వెంటనే వైద్యం అందితే కొన్నిటికి కొంత చూపు తిరిగొచ్చే అవకాశం ఉంది. రోజులు గడిస్తే అదీ పోతుంది.

మరి ఉప్పు? పెరుగన్నంలో పచ్చడి నంజి పెట్టడం, చిప్స్, అప్పడాల ముక్కలు విసరడం చాలా ఇళ్లలో అలవాటు. ఉప్పు మానేసినంత మాత్రాన బీపీ తగ్గిపోదు కానీ, గుండె, కిడ్నీ జబ్బులున్న జంతువులకు ఇలాంటివి పెట్టకపోవడమే మంచిది.

పడిపోతే... ఇంకా అర్జెంటు

బీపీ పెరగడం నెలల తరబడి చాపకింద నీరులా జరిగేది. పడిపోవడం అలా కాదు, నిమిషాలూ గంటల్లో జరిగిపోతుంది. పైఅంకె 90 కన్నా కిందికి జారుతోందంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు. అంతకన్నా తగ్గేకొద్దీ మెదడుకీ కిడ్నీలకీ రక్తం అందడం కష్టమవుతుంది.

మన ప్రాంతంలో దీనికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. టీకాలు వేయించని కుక్కపిల్లలకు పార్వో సోకితే వాంతులు, రక్త విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి బీపీ పడిపోతుంది. మజ్జిగ పట్టి చూద్దామని రెండ్రోజులు ఆగితే పిల్ల దక్కదు. మే నెల ఎండలో మేడమీదో, మూసిన కారులోనో ఉండిపోయిన కుక్కకు వడదెబ్బ తగులుతుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులకు ఈ గండం మరీ ఎక్కువ. రోడ్డు ప్రమాదంలో లోపల రక్తం కారడం, పాముకాటు, కందిరీగలు కుట్టినప్పుడు వచ్చే తీవ్రమైన అలర్జీ... ఇవన్నీ బీపీని ఒక్కసారిగా కిందికి లాగుతాయి.

ఇంట్లోనే పొంచి ఉన్న ప్రమాదం మరొకటి... పెద్దవాళ్ల బీపీ మాత్రలు! మంచం పక్కన పెట్టిన స్ట్రిప్‌ను కుక్కపిల్ల ఆటగా కొరికి నాలుగు మాత్రలు మింగినా ప్రాణం మీదికొస్తుంది. వాంతి చేయిద్దామని ఉప్పునీళ్లు పోయడం ఇంకా ముప్పు. ఖాళీ స్ట్రిప్ చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తడమే సరైన పని. ఏ మందు, ఎన్ని మాత్రలు పోయాయన్నది దాన్ని చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది.

బీపీ పడిపోయిందని మనకెలా తెలుస్తుంది? యంత్రం అక్కర్లేదు. పెదవి పైకెత్తి చిగురు చూడాలి. మామూలుగా గులాబీ రంగులో ఉంటుంది. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. అంతకన్నా ఆలస్యమైనా, చిగురు పాలిపోయినా లెక్క తేడాగా ఉన్నట్టే. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్ప లోపలివైపు చూడొచ్చు. పాదాలు చల్లబడటం, నిలబడలేకపోవడం, కుక్కల్లో గుండె దడదడా కొట్టుకోవడం ఇతర గుర్తులు. పిల్లుల్లో మాత్రం గుండె వేగం తగ్గి, ఒళ్లంతా చల్లబడొచ్చు. అలాంటప్పుడు నోట్లో నీళ్లూ పాలూ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. వడదెబ్బైతే ముందు నీడకి చేర్చి, ఒంటిమీద మామూలు చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆ తర్వాత బండెక్కించాలి. మిగతా సందర్భాల్లో దుప్పటి కప్పి, కదపకుండా పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

ఆపరేషన్లప్పుడు మత్తుమందు వల్ల కూడా బీపీ తగ్గుతుంది. అందుకే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనైనా, పళ్ల శుభ్రతైనా... మత్తిచ్చే ముందు ‘మధ్యలో బీపీ చూస్తుంటారా’ అని అడగడం పెంచేవాళ్ల హక్కు. ముసలి జంతువుల విషయంలో మరీనూ.

ఎప్పుడెప్పుడు చూపించాలి?

పిల్లికి ఏడేళ్లు దాటితే ఏడాదికోసారి, పదకొండు దాటితే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఓసారి బీపీ చూపించమని అంతర్జాతీయంగా పిల్లుల వైద్యనిపుణులు సూచిస్తున్నారు. కుక్కల్లో ప్రతిదానికీ అక్కర్లేకపోయినా కిడ్నీ జబ్బు, కుషింగ్స్, మధుమేహం ఉన్నవాటికీ, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవాటికీ, ముసలివాటికీ తప్పనిసరి. వయసుతో పనిలేకుండా వెంటనే తీసుకెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఉన్నట్టుండి వస్తువులకు గుద్దుకోవడం, వెలుతురులోనూ కంటిపాపలు పెద్దవిగానే ఉండిపోవడం, కంట్లో రక్తం కనిపించడం, మూర్ఛ రావడం, కారణం లేకుండా ముక్కులోంచి రక్తం కారడం... వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ప్రతి పశువుల ఆసుపత్రిలోనూ ఈ యంత్రం ఉండకపోవచ్చు. ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ, నగరాల్లోని పెద్ద పెట్ క్లినిక్కుల్లోనూ అడిగి చూడొచ్చు.

పెంపుడు జంతువుకు తన ఒంట్లో ఏమవుతోందో చెప్పే నోరు లేదు. దాని తరఫున అడగాల్సింది ఇంట్లోవాళ్లే. ఈసారి రేబిస్ టీకాకి తీసుకెళ్లినప్పుడు, సూది వేయకముందే ఓ మాట అనండి: ‘డాక్టరుగారూ, పనిలోపనిగా దీని బీపీ కూడా ఓసారి చూస్తారా?’